లిబెరోగా ఆడబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు స్మాషర్ స్థానం వదులుకొని యూనివర్సిటీ వాలీబాల్ జట్టుకు లిబెరోగా, అంటే స్మాష్ కొట్టకుండా వెనక వరుసలో బంతిని కాచే అమ్మాయిగా, ఆడటానికి ఒప్పుకున్నావని, ఎంపిక పోటీలకు ఆరు వారాలే గడువుందని ఆదివారం రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సంతోషం ఒక పక్క, దిగులు ఒక పక్క. మన ఇంట్లో వాలీబాల్ నాతోనే ఆగిపోయిందనుకున్నాను. అది నీదాకా వచ్చింది, అందులోనూ నేను ఇష్టపడి ఆడిన వెనక వరుసకే వచ్చింది. దిగులు ఎందుకో ఈ ఉత్తరం సగం చదివేసరికి నీకే తెలుస్తుంది.

మా రోజుల్లో లిబెరో అనే స్థానం లేదు. అంతర్జాతీయ నిబంధనల్లోకి అది 1998లో వచ్చింది. మేము ఆడేటప్పుడు సర్వీసు మనదైతేనే పాయింటు, అవతలివాళ్ళ సర్వీసులో ర్యాలీ గెలిస్తే సర్వీసు మాత్రమే మన చేతికి వచ్చేది. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ పాయింటు ఉంది కనుక, నేల తాకబోయే బంతిని నువ్వు లేపిన ప్రతిసారీ ఒక పాయింటు పోకుండా ఆపినట్టే. స్మాష్ కొట్టడం మానేశానని ఎప్పుడైనా మనసు చిన్నబోతే ఈ సంగతి గుర్తు తెచ్చుకో.

బరువు మునివేళ్ళ మీద ఉంచడం, మోకాళ్ళు వంచి కూర్చున్నట్టు నిలబడటం, చేతులు విడిగా ముందుకు పెట్టుకొని బంతి వచ్చే వైపు తెలిశాకే కలపడం, రెండు బొటనవేళ్ళనూ సమంగా ఆనించడం మీ కోచ్ నేర్పే ఉంటారు. గట్టి స్మాష్‌కు చేతులు ఊపవద్దు. వేగం బంతిలోనే ఉంటుంది కాబట్టి, భుజం కాస్త వంచి ముంజేతులను నడికోర్టు వైపు తిప్పి పెడితే బంతి తనంత తానే ఎత్తుగా లేచి, స్మాషర్‌కు బంతి ఎత్తి ఇచ్చే లిఫ్టర్ దగ్గరకు వెళుతుంది.

నేను అన్నిటికన్నా ముఖ్యమని నమ్మేది మరొకటి ఉంది. ఎదుటి స్మాషర్ చెయ్యి బంతిని తాకే క్షణానికి నీ కాళ్ళు ఆగిపోయి ఉండాలి. పరుగెత్తుతూ ఉన్నవాళ్ళు తమ వెనక్కో పక్కకో వచ్చే బంతికి తిరగలేరు. అవతలి లిఫ్టర్ ఎత్తిన బంతి, అదే లిఫ్ట్, లేవగానే అది నెట్‌కు దగ్గరగా ఉందా, దూరంగా ఉందా చూడు. దూరంగా ఉంటే బంతి లోతుగా వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి అప్పుడే రెండడుగులు వెనక్కి వెళ్ళు. ఆ తరువాత బంతిని వదిలి స్మాషర్ భుజాన్ని, మోచేతిని చూడు. నెట్ దగ్గర స్మాష్‌ను అడ్డుకోవడానికి (బ్లాక్‌కు) లేచిన మనవాళ్ళ చేతుల వెనక ఆ భుజం నీకు కనిపించకపోతే, బ్లాక్ కాచే చోటునే నువ్వూ కాస్తున్నావని అర్థం. కనిపించేదాకా పక్కకు జరుగు.

ఇవన్నీ నాకు పందొమ్మిదేళ్ళకే తెలుసు. తెలిసీ చేయలేదు. గుంటూరులో బి.ఏ. చదివే రోజుల్లో డైవ్ చేసి బంతి లేపే అమ్మాయిగా నాకు పేరుండేది. నేను పడిన ప్రతిసారీ గ్రౌండు చుట్టూ చప్పట్లు మోగేవి, ఆ చప్పట్లు నాకు అలవాటైపోయాయి. ముందే రెండడుగులు వేసి నిలబడి తీయగల బంతికి కూడా ఆలస్యంగా కదిలి పడటం మొదలుపెట్టాను. "నిలబడి ఎత్తే బంతికి పడుతున్నావమ్మా, ఇది మంచిది కాదు" అని మా మాస్టారు రెండుసార్లు హెచ్చరించారు. చప్పట్లు ఆయన మాటను నా చెవిన పడనివ్వలేదు.

ఒక ఫైనల్లో, మూడో గేమ్‌లో, అవతలి లిఫ్ట్ నెట్‌కు బాగా దూరంగా లేచింది. చూశాను, అయినా వెనక్కి వెళ్ళలేదు, డైవ్ చేస్తే అందుతుందిలే అనుకున్నాను. బంతి నా ఎడమ పక్కగా లోతుగా వచ్చింది. మెలి తిరిగి దూకినప్పుడు మోచెయ్యి బిగుసుకొని ఉండగా కుడి అరచెయ్యి గ్రావెల్ నేలను గుద్దుకుంది. బంతి జనంలోకి పోయింది. ఆ ఆట ఎలాగో ముగించాను గాని, ఆ రాత్రి జడ కూడా వేసుకోలేకపోయాను. మా నాన్నగారికి తెలిస్తే ఆట మాన్పిస్తారన్న భయంతో పసుపు పట్టు వేసుకొని, బెణికిందని చెప్పి, నెల రోజులు దాచాను. విరిగింది బొటనవేలి మొదట్లో మణికట్టులో ఉండే చిన్న ఎముక. దానికి రక్తం అందడమే తక్కువ కనుక కట్టు ఆలస్యమైతే సరిగ్గా అతకదని డాక్టరుగారు చెప్పేసరికి సమయం మించిపోయింది. ఆట మాన్పించింది చివరికి నాన్నగారు కాదు, నేను దాచిన ఆ నెల రోజులే.

అందుకే గట్టిగా చెబుతున్నాను, కోప్పడుతున్నాననుకున్నా సరే. పడినప్పుడు బొటనవేలి కింద గుంటలో నొప్పి ఉంటే, వాపు లేకపోయినా, అదే రోజు ఎముకల డాక్టరుకు చూపించు. మొదటి ఎక్స్‌రేలో ఆ చీలిక కనిపించకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే పది రోజులకు మళ్ళీ తీయించమని అడుగు. మీ నాన్నకు చెప్పడానికి భయమైతే నాకు చెప్పు, ఎంత రాత్రైనా సరే.

పడకుండా ఆడమని నేను అనను. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో వాలీబాల్‌ను మొదటిసారి ఆడించినప్పుడు, జపాన్ అమ్మాయిలు బంతి తీసి నేల మీద దొర్లి, మరుక్షణం లేచి నిలబడే పద్ధతితో సోవియట్ జట్టును ఓడించి స్వర్ణం గెలుచుకున్నారు. వాళ్ళ కోచ్ దైమత్సు ఆ దొర్లడాన్ని వాళ్ళతో అలవాటైపోయేదాకా సాధన చేయించాడు. నువ్వూ అలాగే ముందు బంతి లేకుండా, మెత్తటి నేల మీద నేర్చుకో: బాగా కిందికి వంగాక బంతి తీసి, తొడ పక్క భాగం, పిరుదు, భుజం వెనక భాగం వరుసగా ఆనేలా దొర్లాలి. మోకాలిచిప్ప, గడ్డం, బిగుసుకున్న అరచెయ్యి ముందుగా నేలకు ఆనకూడదు.

సాధనకు మొదటి రెండు వారాలూ గోడ చాలు. మూడు మీటర్ల దూరంలో నిలబడి గోడకు గట్టిగా కొట్టి, తిరిగి వచ్చిన బంతిని నెత్తికి మించిన ఎత్తుకు లేపు, వరుసగా పది పడేదాకా. తరువాత మీ కోచ్‌నో స్నేహితురాలినో నెట్ అవతల బల్ల మీద నిలబెట్టి కొట్టించుకో. చేతితో విసిరిన బంతులతోనే సాధన చేస్తే పై నుంచి దిగే కోణం అలవాటు కాదు. ప్రతి బంతికీ ముందు ఒక చోటి నుంచి పరుగెత్తుకొచ్చి, వాళ్ళ చెయ్యి లేచేలోగా ఆగు. ఆగకుండా తీసిన బంతి బాగా లేచినా లెక్కలో వేసుకోవద్దు. అప్పుడప్పుడూ చెప్పకుండా ప్లేసింగ్, అంటే గట్టిగా కొట్టకుండా ఖాళీ చోట మెల్లగా, వెయ్యమను, లేకపోతే మడమల మీద కూర్చుండిపోతావు. ఇరవై బంతులకు ఒకసారి విశ్రాంతి తీసుకో. అలసిన కాళ్ళతో తీస్తే చేతులు ఊపే అలవాటు వస్తుంది.

మోకాలి ప్యాడ్లు రెండు జతలు మీ నాన్న చేతికి ఇచ్చి పంపుతున్నాను. వదులుగా ఉంటే జారిపోతాయి, వేసుకొని చూసి చెప్పు. సంక్రాంతికి వచ్చినప్పుడు తెల్లవారుజామునే కృష్ణ ఒడ్డున ఇసుకలోకి వెళదాం. నా కుడి మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు గాని, ఎడమ చేత్తో బాగానే కొట్టగలను.

ఇట్లు,
మీ అత్తయ్య