ఇంగ్లండ్‌లో పల్లెటూరి చర్చి ఒక్కటే చూడాలంటే ఏది చూడాలి?

కేథడ్రళ్లు, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చిలు చూసి చూసి విసుగొచ్చింది, ఈసారి ఏదైనా పల్లెటూరి పాత చర్చి చూడాలి, ఎక్కడికి వెళ్లాలి, వెళ్లి ఏం గమనించాలి అని అడిగారు. నేను ఉత్తర ఇంగ్లండ్‌లోని డర్హమ్ కౌంటీలో ఆరేళ్లుగా ఉంటున్నాను. నా ఓటు ఎస్కమ్‌కే.

బిషప్ ఆక్లండ్ పట్టణం పక్కన, వియర్ నది దగ్గర చిన్న ఊరు అది. మొదటిసారి వెళ్లినప్పుడు మాత్రం ఉసూరుమన్నాను. చుట్టూ మామూలు ఇళ్లు, మధ్యలో గుండ్రటి సమాధుల ఆవరణ, అందులో ధాన్యం కొట్టులాంటి ఇరుకైన ఎత్తైన రాతి కట్టడం. పెద్ద టవర్ లేదు, ఆకాశంలోకి పొడుచుకెళ్లే శిఖరం లేదు. పైగా తలుపుకి తాళం. నాలుగు ఫొటోలు తీసుకుని తిరిగొచ్చేశాను. తాళంచెవి దగ్గర్లోని ఒక ఇంటి బయట కొక్కేనికి వేలాడుతూ ఉంటుందట, ఎవరైనా తీసుకోవచ్చట. ఆ సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.

రెండోసారి నాన్నతో వెళ్లాను. నాన్న మాచర్లలో నలభై ఏళ్లు తాపీపని చేశాడు. ఈ చర్చి కట్టిన కాలంనాటి సాక్సన్లెవరో, వాళ్ల తర్వాత ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్లెవరో ఆయనకి తెలియదు. నేను ఫోన్‌లో చరిత్ర వెతుకుతుంటే ఆయన గోడ మీద చెయ్యి పెట్టి, "ఒరేయ్, ఈ రాళ్లు ఈ గోడ కోసం కొట్టినవి కావురా" అన్నాడు. ఎలా తెలుసన్నాను. కొన్ని రాళ్ల మీద వల అల్లినట్టు అడ్డదిడ్డంగా ఉలి గాట్లున్నాయి, పక్క రాళ్ల మీద లేవు. కొలతలు కూడా ఒకదానికొకటి కుదరలేదు. "ఎక్కడిదో పాత కట్టడం విప్పుకొచ్చి కట్టారు. మనవాళ్లు చెయ్యరా ఏంటి?"

సరిగ్గా అదే జరిగింది. దగ్గర్లోనే బిన్‌చెస్టర్ అని రోమన్ల కోట ఉండేది. క్రీ.శ. 410 ప్రాంతంలో బ్రిటన్‌లో రోమన్ల పాలన ముగిసింది, కోట రాళ్లు మిగిలాయి. 670–690 మధ్య ఈ చర్చి కట్టినవాళ్లకి అదే క్వారీ అయింది. ఉత్తరం గోడలో రోమన్ల ఆరో లీజియన్ (పెద్ద సైనిక దళం) పేరు చెక్కిన రాయి ఒకటుంది, అదీ తలకిందులుగా! నేను దాంట్లో ఏదో గూఢార్థం వెతకబోయాను. నాన్న కొట్టిపారేశాడు. "ఏ పక్క బాగా కూర్చుంటే ఆ పక్క కిందికి పెడతాం. అక్షరాలు ఎవడు చూస్తాడు?"

లోపలికెళ్తే ముందు చీకటి, కాస్త ఆగితే కళ్లు అలవాటుపడతాయి. హాలు వెడల్పుకి మూడింతలు పొడవు. చివర ప్రార్థనా వేదిక ఉండే చిన్న గదికి దారితీసే ఆర్చి చూడండి, అసలు అందమంతా అక్కడే ఉంది. ఇదీ రోమన్ కట్టడం నుంచే తెచ్చి మళ్లీ పేర్చారంటారు. దాని రెండు పక్కలా ఒక పెద్ద రాయి నిలబెట్టి, దాని మీద ఇంకోటి పడుకోబెట్టి, మళ్లీ నిలబెట్టి కట్టారు. నిలబెట్టింది ఎత్తునిస్తుంది, పడుకోబెట్టింది గోడలోకి దూరి పట్టుకుంటుంది. ఈ పనికి ఈ ఊరి పేరే పెట్టారు, కట్టడాల చరిత్ర రాసేవాళ్లు 'ఎస్కమ్ పద్ధతి' అంటారు. నాన్న ఆ ఆర్చి దగ్గరే పావుగంట నిలబడ్డాడు. చలికి చేతులు జేబుల్లోంచి తియ్యని మనిషి, రాళ్ల సందుల్లో గోరు పెట్టి చూస్తూనే ఉన్నాడు.

ఏం గమనించాలని అడిగారు కాబట్టి చెప్తున్నా, కిటికీలు చూడండి. గోడ పైభాగంలో ఉన్న బుల్లి కిటికీలు మొదట్నుంచీ ఉన్నవి. బయట చిన్న సందులా ఉండి లోపలికి వెడల్పవుతాయి, వచ్చిన కొద్ది వెలుతురే విచ్చుకుని పరుచుకుంటుంది. కింద పొడుగ్గా, కొస తేలి ఉన్నవి 13వ శతాబ్దంలో పెట్టినవి. ఇంకా పెద్దవి అంతకన్నా తర్వాతివి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే వేరే ఊళ్లో చర్చికెళ్లినా ఏ ముక్క ముందు, ఏది తర్వాత అని కొంతవరకు చెప్పగలరు. ఇంగ్లండ్‌లో చాలా చర్చిలు ఒక్కసారి కట్టినవి కావు, తరానికో గదీ తరానికో కిటికీగా పెరిగినవే. ఎస్కమ్ మాత్రం పెద్దగా పెరగలేదు, అదే దాని అదృష్టం.

దక్షిణం గోడ మీద పైన నీడ గడియారం వెతకండి, తేలిగ్గా కనపడదు. చుట్టూ పాము చెక్కి ఉంటుంది. మన గడియారంలా పన్నెండు గంటలుండవు, ప్రార్థన వేళలకి మూడే గీతలు.

ఈ చర్చి మిగలడం కూడా విచిత్రమే. 1863లో ఊరికి కొత్త చర్చి కట్టుకుని దీన్ని వదిలేశారు, పాడుబడింది. 1879లో పక్క ఊరి ఫాదర్ ఒకాయన ఇది ఎంత పాతదో గుర్తుపట్టాక బాగు చేశారు. ఆ కొత్త చర్చిని ఆ తర్వాతి శతాబ్దంలో కూల్చేశారు. పాతదాంట్లో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి.

డార్లింగ్టన్ నుంచి రైల్లో బిషప్ ఆక్లండ్‌కి రావచ్చు, అదే ఆఖరి స్టేషన్. అక్కడి నుంచి టాక్సీ. ఆదివారం పొద్దున ప్రార్థన ఉండొచ్చు, చూడ్డానికి మధ్యాహ్నం మేలు. తాళంచెవి మాత్రం తిరిగి కొక్కేనికి తగిలించండి. మేము ఆ రాళ్ల కబుర్లలో పడి స్టేషన్ దాకా వచ్చేశాం, నాన్న కోటు జేబులో చెయ్యి పెడితే చేతికి తగిలింది. మళ్లీ టాక్సీ చేసుకుని వెళ్లాల్సొచ్చింది.