మే ఎండలో మహానందికి ఏటీవీ మీద వస్తానన్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి దీవెనలు.

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి మీ అత్త నన్ను వదలడం లేదు. "వద్దని చెప్పకుండా దారి చెబుతారేంది" అంటోంది. వద్దంటే నువ్వు మానేవాడివి కాదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకని తీరిగ్గా రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం వింటావు.

అనంతపురం నుంచి తాడిపత్రి, కొలిమిగుండ్ల, అవుకు, బనగానపల్లె, నంద్యాల మీదుగా మహానందికి 200 కిలోమీటర్ల లోపే. కారులో ఒక పూట పని. నీ ఏటీవీకి, అదే పొలాల్లో తిరిగే ఆ నాలుగు చక్రాల బండికి, మాత్రం రెండు రోజులు పెట్టుకో. పొద్దున 5 గంటలకల్లా బండి కదలాలి. 10 దాటాక నీడ చూసుకుని ఆగిపో. సాయంత్రం 4.30 వరకు మళ్లీ ఎక్కొద్దు. చీకటి పడేలోపు ఊరు చేరాలి. రాత్రి చల్లగా ఉంటుంది కదా, నడిపేద్దాం అనుకుంటావేమో. వెనక లైటు లేని ట్రాక్టర్లు, నాపరాళ్ల లారీలు, రోడ్డు మీద పడుకున్న బర్రెలు, అన్నీ ఆ వేళకే ఉంటాయి.

కుర్రాళ్లందరూ ఒకటే అనుకుంటారు. బండి వేగంగా పోతే గాలి తగిలి ఒళ్లు చల్లబడుతుందని. మన చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 42 డిగ్రీలు ఉంటే అది నిన్ను చల్లబరచదు, ఇంకా కాలుస్తుంది. అప్పుడు కాపాడేది చెమట ఒక్కటే. ఆ చెమటను కూడా చొక్కా తడవకముందే వడగాలి ఆరబెట్టేస్తుంది కాబట్టి ఎంత నీరు పోయిందో నీకు తెలియదు. చొక్కా తడవలేదు, నాకేం కాలేదు అనుకుంటావు. అందుకే నిక్కరు, బనియన్ వేషం వద్దు. వదులుగా ఉండే పూర్తి చేతుల నూలు చొక్కా, మందపాటి ప్యాంటు, మెడ చుట్టూ తడి తువ్వాలు, హెల్మెట్. ఇంజన్ నీ తొడల మధ్యే ఉంటుందని మర్చిపోకు. ఆ సెగ అరగంటకే తెలుస్తుంది.

దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగు. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఉప్పు తగ్గి కాళ్లు పట్టేస్తాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకో. లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, కుప్పగా కాకుండా చెంచా అంచుకు సమంగా. బయల్దేరే ముందు రాగి అంబలి తాగితే పది గంటల దాకా కడుపు అడగదు. దారిలో ముంజలు దొరికితే తిను. నన్నారి సోడా సరదాకి ఒకటి తాగు, అదే ఆధారం అనుకోకు. ముందు రోజు రాత్రి స్నేహితులతో మందు పార్టీ పెట్టుకున్నావో, ప్రయాణం వాయిదా వేసుకో.

తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే నీడలోకి. పక్కవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే అది అలసట కాదు, వడదెబ్బ. ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి. తెలివిలో లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు. ఒంటరిగా మాత్రం రావద్దు. మీ స్నేహితుడు వెనక బైక్ మీద వస్తే చాలు.

ఇక బండి. అది పొలానికి పుట్టింది, తారు రోడ్డుకు కాదు. టైర్లలో గాలి 5 నుంచి 7 పీఎస్ఐ దగ్గరే ఉంటుంది. నీ బండి స్టిక్కర్ మీద ఎంతుందో చూసుకో. పెట్రోలు బంకు అబ్బాయి అలవాటు కొద్దీ 30 కొట్టేస్తాడు, పక్కన నిలబడు. చిన్న గేజి కొనుక్కుని తెల్లవారుజామున, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడు. మధ్యాహ్నం గాలి ఎక్కువైందని తీసెయ్యకు, పొద్దునకి చప్పబడిపోతుంది. తారు మీద టూ వీల్ డ్రైవ్‌లోనే నడుపు. ఎక్కడైనా నెమ్మదిగా ఎక్కాల్సి వస్తే లో గేరు వెయ్యి, లేదంటే ఇంజన్ బలాన్ని చక్రాలకు అందించే బెల్టు కాలి రబ్బరు వాసన వస్తుంది. రేడియేటర్‌లో దుమ్ము, పొట్టు ఇరుక్కుంటే బండి ఉడికిపోతుంది. ఆగిన ప్రతిచోటా దులుపు. కానీ వేడి మీద మూత విప్పడం, ఇంజన్ మీద చల్లనీళ్లు కుమ్మరించడం రెండూ వద్దు.

తాడిపత్రి దగ్గర పెన్న ఎండి, ఇసుక తెల్లగా పరుచుకుని ఉంటుంది. దిగాలనిపిస్తుంది, ఖాయం. ఇసుక తోడిన గుంతలు పైకి కనబడవు, దిగొద్దు. కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల గనుల దుమ్ము, ముక్కుకు గుడ్డ కట్టుకో. బెలుం గుహల్లో మధ్యాహ్నం గడిపేస్తానన్నావు. లోపల ఎండ ఉండదు గానీ ఉక్కపోతకు చెమట ధారలు కడుతుంది. చూడు, తప్పకుండా చూడు, మూడు కిలోమీటర్లకు పైనే పొడవు ఉంది అది. కాకపోతే విశ్రాంతికి వేపచెట్టే మేలు.

బనగానపల్లె నుంచి నల్లరేగడి. ఎండలో నెర్రెలు బారి గట్టిగా ఉంటుంది, గాలివాన ఒక్కటి పడితే మడ్‌గార్డుల నిండా బంకమట్టే. మబ్బు పడితే రోడ్డు వదలకు. వేసవి దుక్కుల్లో అడ్డం పడి పోకు, డ్రిప్ పైపులు తెగితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటే పక్కకు దిగి పో. కంప తుమ్మ ముల్లు దిగితే అక్కడే లాగెయ్యకు, నీడకు చేరేదాకా అదే గాలిని ఆపుతుంది. పంక్చర్ కిట్ మర్చిపోకు. మహానంది దాటి నల్లమలలోకి బండి తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. అది రిజర్వు అడవి, పులులున్న చోటు.

కాగితాల సంగతి నీకు తెలుసు. మన దేశంలో చాలా ఏటీవీలకు రోడ్డు రిజిస్ట్రేషన్ లేదు, నీది ట్రాక్టర్ కింద రిజిస్టర్ అయింది కాబట్టి సరిపోయింది. వ్యవసాయం పని కాని ప్రయాణానికి బీమా వర్తిస్తుందో లేదో ఏజెంట్‌ను అడిగి రాయించుకో.

మొదటి రోజు మధ్యాహ్నానికి కొలిమిగుండ్లలో మా ఇంకో వియ్యంకుల ఇంట్లో ఆగు, సాయంత్రం బనగానపల్లెలో పడుకుంటే మరునాడు తొమ్మిదికల్లా మహానంది కోనేట్లో ఉంటావు. మామిడికాయల కాలం, బనగానపల్లెలో ఒక బుట్ట మీ అత్తకు కట్టించు, కోపం తగ్గుతుంది. ఎంతమంది వస్తున్నారో రెండు రోజుల ముందు చెప్పు, వాళ్లకు వంట సంగతి చెప్పాలి.

మీ మామ