గిండీలో చెట్లు చిక్కబడితే కృష్ణజింకకు ఇబ్బంది ఎందుకు?

అడవి దట్టమైతే జింకలకు మేలే కదా, గిండీలో గడ్డినేలను ఖాళీగా ఎందుకు ఉంచాలంటారని మీ ప్రశ్న. ఒక రకానికి మేలే, రెండో రకానికి కాదు.

చెన్నై నగరం మధ్యలో సుమారు 2.7 చదరపు కిలోమీటర్లున్న గిండీ జాతీయ ఉద్యానంలో చుక్కల దుప్పి, కృష్ణజింక రెండూ ఉన్నాయి. దుప్పి గడ్డీ తింటుంది, ఆకులూ రాలిన పళ్లూ తింటుంది. దానికి నీడ, పొదల చాటు కావాలి. కృష్ణజింకకు గడ్డే ప్రధానం. ప్రమాదాన్ని దూరంనుంచే పసిగట్టి పరుగెత్తడమే దాని రక్షణ. పొదలు అడ్డొస్తే చూపూ ఆగుతుంది, పరుగూ ఆగుతుంది. సర్కారు తుమ్మ అల్లుకుంటే కింద గడ్డి కూడా పలచబడుతుంది. అందుకే అక్కడ కొత్త మొక్క నాటడం కన్నా తుమ్మను వేళ్లతో పెకలించడమే మంచిపని. మొక్కలు నాటే ఉత్సాహం ఉన్నవారికి ఈ మాట రుచించదని తెలుసు.

అసలు కృష్ణజింక శాస్త్రం ప్రకారం జింకే కాదు. మగదాని మెలితిరిగిన కొమ్ములు జీవితాంతం ఉంటాయి. మగ దుప్పి కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి. అన్నట్టు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి.

ఒకప్పటి ఆ అడవి నేలలోనే 1959లో మొదలైన ఐఐటీ ఆవరణలోనూ దుప్పులు తిరుగుతుంటాయి. వేకువనో సాయంత్రమో దూరంగా నిలబడి చూడండి. తినడానికి ఏమీ పెట్టవద్దు. తిండి వాసన ఉన్న ప్లాస్టిక్ సంచిని కూడా నమిలేస్తాయి.