డార్ట్‌మూర్‌లో ఒంటరిగా నడుస్తూ రాత్రికి గుడారం వేసుకోవడానికి అనుమతి కావాలా?

ఇంగ్లండ్‌లో సాధారణంగా భూయజమాని అనుమతి లేనిదే ఆరుబయట గుడారం వేయకూడదు. నైరుతి ఇంగ్లండ్‌లోని బీడు కొండల జాతీయ ఉద్యానవనం డార్ట్‌మూర్‌లో ఉన్న ఉమ్మడి భూములు (కామన్స్: యజమానులున్నా జనం తిరగగలిగే భూములు) ఇందుకు మినహాయింపు. 1985 నాటి డార్ట్‌మూర్ కామన్స్ చట్టం కల్పించిన ప్రవేశ హక్కులో రాత్రి బస లేదని 2023 జనవరిలో హైకోర్టు తీర్పునివ్వగా, అదే ఏడాది అప్పీలు కోర్టు దానిని తోసిపుచ్చింది. 2025 మేలో సుప్రీంకోర్టు కూడా హక్కు ఉందనే ఖరారు చేసింది. అయితే ఇది అన్ని చోట్లా వర్తించదు కనుక నేషనల్ పార్క్ అథారిటీ పటం చూసుకోవాలి.

ఒంటరిగా వెళ్లేవారికి, నా దృష్టిలో, చట్టం కంటే నేలే పెద్ద చిక్కు: పచ్చగా మెరిసే నాచు కింద ఊబి ఉండవచ్చు, పొగమంచు కమ్మితే గుర్తులేవీ కనిపించవు కాబట్టి దిక్సూచి వాడటం వచ్చి ఉండాలి. ఉత్తర భాగంలో సైన్యం కాల్పుల అభ్యాసం చేసేటప్పుడు పగలు ఎర్రజెండాలు, రాత్రి ఎర్రదీపాలు పెడతారు. ఆ హద్దు దాటకూడదు.