నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అసెస్‌మెంట్‌లో ముందు పాకెట్ డైరీలు అడగండి

మీ అణు విద్యుత్ కేంద్రంలో నాలెడ్జ్ మేనేజ్‌మెంట్, అంటే అనుభవం ఉన్నవాళ్లకు తెలిసింది వాళ్లతోపాటే పోకుండా నిలుపుకునే పని, ఎలా ఉందో అంచనా వేయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ఇలా అంచనా వేసే టీములకు జవాబులు చెప్పాను, తర్వాత అలాంటి టీముల్లోనూ కూర్చున్నాను.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) చెక్‌లిస్టు నింపండి, అది ఎలాగూ తప్పదు. కానీ పాలసీ ఉందా, దానికో బాధ్యుడు ఉన్నాడా లాంటివే దాంతో ఎక్కువగా తెలుస్తాయి. నాకు బాగా పనికొచ్చింది అమెరికాలో టెన్నెసీ వ్యాలీ అథారిటీ వాడిన లెక్క. ఒక్కో ఉద్యోగికి రిటైర్మెంట్ ఎంత దగ్గర్లో ఉందన్నదానికి 1 నుంచి 5, ఆ పని ఇంకెవరికీ రాదా అన్నదానికి 1 నుంచి 5 వేసి రెండూ గుణిస్తారు. 20, ఆపైన వచ్చినవాళ్ల దగ్గరికి ముందు వెళ్లాలి. మొదటి అంకె హెచ్ఆర్ ఇచ్చేస్తుంది. చిక్కంతా రెండోదే. సెక్షన్ హెడ్‌ని అడిగితే "మా దగ్గర అందరికీ అన్నీ వచ్చు" అని అందరికీ 2 వేసి పంపిస్తాడు. దానికి బదులు, నైట్ షిఫ్టులో పని ఆగిపోతే ఎవరింటికి ఫోన్ వెళ్తుందో షిఫ్టు వాళ్లని అడగండి.

ఆ మనిషి దొరికాక, ఆయన సొంతంగా రాసుకుని జేబులో పెట్టుకునే డైరీని, పక్కన అదే పనికి సంస్థ రాసిన ప్రొసీజర్ పెట్టుకుని చదవండి. నేను చూసిన ఒక ఫ్యూయల్ హ్యాండ్లింగ్ సెక్షన్‌లో (రియాక్టర్‌లో ఇంధనం మార్చేవాళ్లు) ప్రొసీజర్ "సీల్ ప్లగ్ సరిగ్గా కూర్చుందో చూసుకోవాలి" అని ఒక్క ముక్కతో సరిపెట్టింది. సీల్ ప్లగ్ అంటే ఇంధనం ఉండే గొట్టానికి, అంటే ఛానల్‌కి, చివర బిగించే మూత. సీనియర్ టెక్నీషియన్ డైరీలో అదే పనికి అర పేజీ ఉంది: ఏ ఛానళ్లు మొండికేస్తాయి, ఎప్పుడు వెనక్కి లాగి మళ్లీ ప్రయత్నించాలి, ఎప్పుడు చెయ్యి తీసేసి ఇంజినీర్‌ని పిలవాలి. ఎన్ని రివిజన్లు వచ్చినా అందులో ఒక్కటీ ప్రొసీజర్‌లోకి ఎక్కలేదు. మార్పు ఫారం పట్టుకుని సంతకాల కోసం తిరిగే ఓపిక ఎవరికుంటుంది?

ఇక అరుదుగా వాడే సిస్టమ్‌లు. జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రం ఒకటో యూనిట్ 1971 నుంచి 2011 ప్రమాదం దాకా నడిచింది. అత్యవసరంలో రియాక్టర్‌ని చల్లబరిచే ఐసోలేషన్ కండెన్సర్ అనే పరికరం గురించి అక్కడ కాగితాలకు కొదవలేదు. కానీ 2011 మార్చి 11న డ్యూటీలో ఉన్నవాళ్లలో ఎవరికీ అంతకుముందు దాన్ని నిజంగా నడిపిన అనుభవం లేదని దర్యాప్తులో తేలింది. సునామీ తర్వాత అది పనిచేస్తోందో లేదో తేల్చుకోవడమే వాళ్లకు కష్టమైంది. అందుకే ప్రతి స్టాండ్‌బై పరికరం దగ్గరా "దీన్ని చివరిసారి నడిపిందెవరు, వాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారా?" అని అడగండి. శిక్షణ రికార్డు చూపిస్తే ఊరుకోవద్దు.

ఇంకో మాట. డైరీ అడిగేటప్పుడు బాస్‌ని వెంటబెట్టుకుని వెళ్లొద్దు. అనుమతి లేని నోట్సని లాగేసుకుంటారేమోనన్న టెన్షన్‌తో ఎవరూ జేబులోంచి తియ్యరు.