మొత్తం కేసులను కాదు, మీ జోన్‌లో చికిత్సలో ఉన్నవారిని చూడండి

కోవిడ్ మహమ్మారి రోజుల్లో మీ ప్రాంతపు కేసుల లెక్కలు రోజూ చూసేవారా, చూస్తూ కూడా ఇంట్లో ధైర్యంగా ఎలా ఉండగలిగారు అని అడిగారు. మేము చూసేవాళ్ళం, చూడబట్టే ధైర్యంగా ఉండగలిగాం. లెక్కలు చూస్తే భయం పెరుగుతుందన్న మాటను నేను ఎంతమాత్రం ఒప్పుకోను. ఏ లెక్క చూడాలో తెలియనివారికే భయం పెరుగుతుంది.

మేము చెన్నైలోని పెరంబూరులో ఉంటాం. వైరస్ వ్యాపించిన కోయంబేడు టోకు కూరగాయల మార్కెట్టును 2020 మే మొదటి వారంలో మూసివేశాక నగరంలో కేసులు ఎగబాకి, జూన్ 19 నుంచి నెలాఖరు వరకు మళ్ళీ పూర్తి లాక్‌డౌన్ విధించారు. టీవీలో మాత్రం పొద్దస్తమానం ఒకటే అంకె కనబడేది: మొదటినుంచీ ఎందరికి సోకిందన్న మొత్తం. ఎప్పుడో కోలుకుని ఇంట్లో కాఫీ తాగుతున్నవారు కూడా అందులోనే ఉంటారు కనుక, అది పెరగడమే తప్ప తగ్గడమన్నది ఉండదు. మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి రోజూ తెల్లవారగానే ఆ అంకెనే వాట్సాప్‌లో పంపి, కింద ఏడుపు బొమ్మలు పెట్టేవారు. ఆయన వల్ల ఎందరికి రక్తపోటు పెరిగిందో ఏ బులెటిన్‌లోనూ రాలేదు.

మా నాన్నగారు రైలు పెట్టెల కర్మాగారమైన ఐ.సి.ఎఫ్.లో స్టోర్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. చెన్నై కార్పొరేషన్ అప్పటి 15 జోన్లకు విడివిడిగా ఇచ్చే పట్టికలో మా తిరు.వి.క. నగర్ జోన్ వరుసను మాత్రం తీసుకుని, క్యాలెండరు నుంచి చింపిన నిన్నటి తారీఖు కాగితం వెనుక మొత్తం రాసి, అందులోంచి కోలుకున్నవారినీ చనిపోయినవారినీ తీసివేసి, ఇంకా చికిత్సలో ఉన్నవారి మిగులు కింద రెండు గీతలు గీసేవారు. గోదాములోకి ఇప్పటిదాకా వచ్చిన సరుకెంత అని ఏ స్టోర్‌కీపరూ బెంగపడడని, ఇప్పుడు ఉన్నదెంత అన్నదే చూస్తాడని ఆయన వాదన.

జూలైలో ఒక సాయంత్రం ఆయన ఆ కాగితాలన్నీ భోజనాల బల్ల మీద వరుసగా పరిచి, మొత్తం పెరుగుతూనే ఉన్నా మిగులు తగ్గుతోందని చూపించారు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ, "అయితే మన వీధికి అడ్డం కట్టిన రేకులు ఎప్పుడు తీస్తారు?" అని అడిగింది. "అది ఈ కాగితంలో ఉండదు" అన్నారు నాన్నగారు. అయినా అమ్మ టీవీ కట్టేసి, నెల్లూరులో ఉన్న పిన్నికి ఫోన్ చేసి, "మా జోన్‌లో తగ్గుముఖం పట్టిందే, మీ బావగారు లెక్క కట్టారు" అని చెప్పింది. అంతకు ముందు చాలా రోజులుగా ఆమె గొంతులో ఆ హుషారు నేను వినలేదు.

ఒక్కరోజు అంకెను నమ్మకూడదు. సెలవునాడు పరీక్షలు తగ్గితే మర్నాడు కేసులూ తగ్గినట్లు కనిపిస్తాయి కాబట్టి వారం సగటు చూడాలి. పరీక్షించిన నూరుమందిలో ఎందరికి ఉన్నట్లు తేలిందన్నదీ చూడాలి. ఆంక్షలు సడలించాలంటే ఈ శాతం రెండు వారాలపాటు 5 కంటే తక్కువగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే సూచించింది.

2021 మేలో ఈ పద్ధతి మరింత అక్కరకు వచ్చింది. ఆ నెల మూడో వారంలో తమిళనాడులో రోజువారీ కేసులు 36 వేలు దాటాయని టీవీలో గగ్గోలు పెడుతుండగానే, చెన్నైలో తగ్గుదల మొదలై, కోయంబత్తూరులో పెరుగుతూ పోయాయి. రాష్ట్రపు అంకె చూసి మేము ఇక్కడ వణకవలసిన పని లేదు, చెన్నై అంకె చూసి అక్కడివారు నిశ్చింతగా ఉండడానికీ లేదు. కోయంబత్తూరులో ఉండే మా మేనమామ, చెన్నైలో తగ్గుతోందట కదా అంటూ తెలిసినవారి గృహప్రవేశానికి బయలుదేరబోతుంటే, నాన్నగారు ఆ జిల్లా అంకెలు ఫోన్‌లో ఒక్కొక్కటిగా చదివి వినిపించి ఆపారు. మామయ్య ఆగారు గానీ, తరువాత కొన్నాళ్ళు మాతో ముభావంగానే ఉన్నారు.