పాట వస్తోంది, మాట రావడం లేదు!

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం స్ట్రోక్ వచ్చింది. నడక చాలావరకు కుదుటపడింది కానీ మాట రాలేదు, అఫేసియా అన్నారు డాక్టరు. ఏం చెప్పబోయినా "అదే... అదే..." అంటారు, కావాలనుకున్నదాన్ని వద్దంటారు. విచిత్రమేమిటంటే ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పేస్తారు, పాత పాటలు చరణాలతో సహా పాడతారు, కోపమొస్తే ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఆయన నోట వినని బూతులు స్పష్టంగా వచ్చేస్తున్నాయి. మా అబ్బాయేమో "నాన్న కావాలనే మాట్లాడటం లేదేమో" అంటున్నాడు. ఇంటికెవరైనా వస్తే ఆయన లోపలికెళ్లి తలుపేసుకుంటారు. వాళ్లు నన్నడుగుతారు, నేనే జవాబు చెబుతాను. ఇంతేనా ఇక?

జవాబు: ముందు మీ అబ్బాయి అనుమానం తీర్చేద్దామమ్మా. ఇది నటన కాదు. మనసులో ఉన్నదానికి తగిన మాట వెతికి తెచ్చే పని చాలామందిలో మెదడు ఎడమవైపు జరుగుతుంది, దెబ్బ తగిలింది అక్కడే. అంకెల వరస, పాట, తిట్టు అలా వెతికి తెచ్చేవి కావు, కంఠతా వచ్చినవి ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వచ్చేస్తాయి. అందుకే ఇరవై దాకా లెక్కపెట్టగల మనిషి "పిల్లలెంతమంది?" అంటే ఆగిపోతారు. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు లోకానికి చెప్పిన రోగి కూడా అంతే, ఏమడిగినా "టాన్ టాన్" అనేవాడు, కోపం పట్టలేనప్పుడు మాత్రం ఒక తిట్టు శుభ్రంగా వచ్చేది! బూతుల గురించి సిగ్గుపడకండి, ఆయన్ని మందలించకండి కూడా.

ఇక తలుపేసుకోవడం. నలుగురు కూర్చుని టీవీ మోగుతుంటే మాట ఒకరి నుంచి ఒకరికి పరుగెడుతుంది, ఈయనకి కావలసిన పదం దొరికేసరికి సంభాషణ ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. రెండుసార్లు అలా జరిగితే ఎవరైనా లోపలికే పోతారు. కాబట్టి గుంపు వద్దు. బాగా దగ్గరివాడైన ఒక్క స్నేహితుణ్ణి పిలవండి, టీవీ ఆపేయండి, ముందు చదరంగమో పేక ముక్కలో పెట్టండి. ఆట నడవడానికి మాటలు అక్కర్లేదు, మధ్యలో ఒకటో రెండో వస్తే వస్తాయి. వచ్చేవాళ్లకి ముందే ఫోన్లో చెప్పండి: గట్టిగా అరవక్కర్లేదు, ఆయనకి చెవుడు లేదు. "నా పేరేంటో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టే చుట్టం ప్రతి ఇంటికీ ఒకరుంటారు, ఆయన్ని మాత్రం గుమ్మం దగ్గరే ఆపి హెచ్చరించండి.

మీరూ ఒక పని చేయాలి. ఎవరైనా "ఎలా ఉన్నారు?" అని మిమ్మల్ని అడిగితే జవాబు చెప్పకుండా ఆయన వైపు తిరగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి, మొదట్లో ఆ నిశ్శబ్దం భరించడం కష్టమే. అప్పటికీ రాకపోతే ఒక కాగితం మీద 'నొప్పి', 'నిద్ర' లాంటి రెండు మాటలు రాసి చూపించండి, వేలు పెడతారు. అవునూ కాదూ నోట తారుమారవుతున్నాయి కాబట్టి బొటనవేలు పైకో కిందికో చూపించమనండి. అర్థం కానప్పుడు అయినట్టు తలూపొద్దు, ఆయనకి తెలిసిపోతుంది. చెప్పింది ఎంతవరకు అర్థమవుతోందన్నది మనిషిని బట్టి మారుతుంది, అది స్పీచ్ థెరపిస్టుని అడిగి తెలుసుకోండి.

ఒక విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందిని డిప్రెషన్ పట్టుకుంటుంది, మాట పోయినవాళ్లలో అది బయటపడదు, ఎందుకంటే దిగులుగా ఉందని చెప్పాలన్నా మాటే కావాలి కదా. తిండి తగ్గినా, నిద్ర చెదిరినా, వ్యాయామం మానేసినా డాక్టరుకి చెప్పండి. దానికి వైద్యం ఉంది.

మాట మొదటి కొన్ని నెలల్లో వేగంగా మెరుగవుతుంది, ఆ తర్వాత మెల్లగా, కానీ ఆగిపోదు. ఏడాది దాటితే ఇంతే అనేవాళ్లని నమ్మొద్దు. అలాగని మునుపటిలా అవుతారని నేను మాటివ్వలేను. స్వీడన్ కవి తుమాస్ ట్రాన్‌స్ట్రోమర్‌కి 1990లో స్ట్రోక్ వచ్చి మాట, కుడిచెయ్యి రెండూ పోతే ఎడంచేత్తో పియానో వాయించాడు, కవితల పుస్తకాలూ తెచ్చాడు, 2011లో నోబెల్ కూడా వచ్చింది. నోబెల్ సంగతి వదిలేయండి, ఆయన పియానో మూసేయలేదన్నది చూడండి.

మీ సంగతి మీరు ఒక్క ముక్క రాయలేదు. రోజూ కబుర్లు చెప్పుకున్న తోడు మీకూ దూరమైంది, ఆ స్నేహితుడు వచ్చిన పూట మీరు బయటికెళ్లి ఎవరితోనైనా కడుపునిండా మాట్లాడి రండి.

ప్రశ్న: నాకూ అఫేసియానే, కొంచెం తక్కువ. మాట తడబడితే తాగానని అనుకుంటున్నారు. అందరికీ చెప్పుకోవాలా?

జవాబు: అందరికీ అక్కర్లేదు, చెప్పడానికి నోరు కష్టపెట్టుకోనూ అక్కర్లేదు. జేబులో చిన్న కార్డు పెట్టుకోండి: "స్ట్రోక్ వల్ల నాకు మాట తడబడుతుంది. మీరు చెప్పేది అర్థమవుతుంది. కొంచెం టైమ్ ఇవ్వండి." మాట్లాడటం మొదలుపెట్టక ముందే చూపించండి, చిక్కులో పడ్డాక కాదు.